రోమా ఖడ్గము, బాకు: వానినిగూర్చిన గ్రంథములను వెదకు విధము

క్రిస్మస్సు, ఈస్టరు పండుగలకు మన పాఠశాలలలో ప్రదర్శింపబడు నాటకములలో రోమా సైనికుని వేషము లేనిది అరుదు. హేరోదు కొలువున నిలుచువాడు వాడే. సమాధియొద్ద కావలి కాయువాడును వాడే. మన బాలురు అట్టతో చేసి వెండికాగిత మంటించి వాని చేతికిచ్చు ఆయుధము మాత్రము రోమీయులది కాదు. అది వంపుతిరిగిన మొగలాయి కత్తి యైనను కావచ్చును, వీధినాటకములో రాజు ఝళిపించు పొడుగుపాటి కత్తి యైనను కావచ్చును. చూచువారెవరును తప్పు పట్టరు. ఏలయన మనము చూచి పెరిగిన బైబిలు పటములలో సయితము చిత్రకారులు తమ తమ దేశములలో, తమ తమ కాలములలో వాడుకలోనున్న కత్తులనే పలుమారు సైనికుల చేతులలో పెట్టియున్నారు.

ఇంత చిన్న విషయమునకు ఇంత శ్రద్ధ యేల యని తల్లిదండ్రులు అడుగవచ్చును. సువార్తికుడైన లూకా తాను చెప్పబోవు సంగతులు ఏ కైసరు ఏలుబడిలో, ఏ అధిపతుల కాలమున జరిగినవో పేరుపేరున నిర్ణయించి వ్రాసెను. ఆ సంగతులు కట్టుకథలు కావనియు, ఒక కాలమున ఒక దేశమున జరిగినవనియు బాలురకు బోధించుచు, ఆ కాలమునకు పదునైదు వందల యేండ్ల తరువాతి ఆయుధమును వారి కన్నులయెదుట నిలుపుట బోధకు చేటు. మఱియొక కారణము కూడ కలదు. ఒక వస్తువునుగూర్చి నిజము తెలియుటకు ఏ పుస్తకమును నమ్మవలెను, దాని నేల నమ్మవలెను అను పరిశీలన పరీక్షలలో మార్కులు తేదు గాని, బ్రదుకంతయు అక్కఱకు వచ్చును. దానిని నేర్చుకొనుటకు రోమా ఖడ్గము మంచి సాధనము. ఎట్లనిన, దానినిగూర్చి చెడ్డ పుస్తకములును పెక్కు కలవు, మిక్కిలి మంచివియు కలవు.

మన దేశమునకు రోమా సామ్రాజ్యముతో సంబంధమే లేదని యెవరును తలంపకుందురు గాక. గిద్దలూరునందు గాని మార్కాపురము రోడ్డునందు గాని గుంటూరు బండి యెక్కినవారు దొనకొండ దాటి వినుకొండ చేరుదురు. ఆ వినుకొండలో తిబెరి మొదలుకొని కారకల్లా వఱకుగల రోమా చక్రవర్తుల బంగారు నాణెములు దొరకెను. అంతకు పూర్వమే, 1786వ సంవత్సరమున, నెల్లూరు ప్రాంతమున ఒక కాపు పొలము దున్నుచుండగా నాగలికి ఒక చిన్న కుండ తగిలి, అందు ట్రాజను, హేడ్రియను కాలపు నాణెములు బయల్పడెను. కొన్ని నాణెములకు రంధ్రములుండుటచే మన స్త్రీలు వానిని నగలుగా ధరించిరని ఊహింపబడినది. నాణెము వర్తకుని మూటలో సముద్రము దాటి వచ్చును. ఖడ్గము సైనికుని మొలను విడిచి రాదు. రోమీయులు మన తీరమునకు సరకులకై వచ్చిరే గాని సేనలతో రాలేదు. కావున మన బాలుడు రోమా ఖడ్గమును చూడగోరినయెడల పారవంకను నమ్ముకొని లాభము లేదు, గ్రంథమునే ఆశ్రయింపవలెను.

నాగార్జునకొండ శిల్పములలో గడ్డమును, చల్లడమువంటి వస్త్రమును గల విదేశీయ యోధు డొకడు కలడు. వానిని శకుడని పండితు లందురు. ఆ బొమ్మను చూచి రోమా సైనికుడని పొరబడరాదు.

గ్రంథములకు పోకముందు వస్తువు పేరును రూపమును తెలిసికొనుట మంచిది. పేరు తెలియనివానికి గ్రంథాలయము అడవివంటిది. రోమా కాలిబంటు ధరించిన పొట్టి ఖడ్గమునకు గ్లాడియస్ అనియు, గుఱ్ఱపురౌతు మొదట ధరించి తరువాత అందఱును ధరించిన పొడుగు ఖడ్గమునకు స్పాథా అనియు, బాకునకు పూగియో అనియు లాటిను పేరులు. గ్లాడియస్ అనునది యెల్లకాలము ఒక్కతీరున లేదు. క్రీస్తు పూర్వపు రెండు శతాబ్దములలో రోమీయులు స్పెయిను దేశస్థుల నుండి గ్రహించిన ఖడ్గము అలుగు ఇంచుమించు రెండడుగులుండెను. క్రీస్తు పుట్టిన కాలమునకు అలుగు పొట్టిదై వెడల్పై, అంచులు నడుమ కొంచెము లోనికి తీసి, పొడవైన మొనతో నుండెను. జర్మనీలోని మైంజు నగరమువద్ద అట్టివి దొరకుటచే దానికి మైంజు రకమని పేరు. ఆ శతాబ్దపు నడుమ అంచులు సమాంతరముగా, మొన కుఱుచగా నుండు మఱియొక రకము వచ్చెను. క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిదలో మునిగిన పాంపేయి నగరమునుబట్టి దానికి పాంపేయి రకమనిరి. ఈ రెండు రకముల అలుగులును పదునాఱు మొదలు ఇరువదిరెండు అంగుళముల లోపలివే. మన మార్కాపురపు పలకలు రెండు నిలువున చేర్చి గీచినచో గ్లాడియస్ అలుగు నిజప్రమాణమున పట్టును. బాకు అలుగునకు ఒక్క పలక చాలును. సిలువ నాటకమునకు మైంజు రకమే తగును. పౌలు చివరి దినములను ప్రదర్శించువారు పాంపేయి రకమును చేయుదురేని తప్పులేదు.

ఈ పేరులు బైబిలులో దొరకునా యని వెదకిన లాభము లేదు. మన తెలుగు బైబిలులో గెత్సేమనే తోటలో దూసినదియు, ఫిలిప్పీ చెరసాల నాయకుడు దూసినదియు కత్తి. యాకోబును చంపినదియు, ఎఫెసీయుల పత్రికలో ఆత్మసంబంధముగా చెప్పబడినదియు ఖడ్గము. ఈ నాలుగు తావులందును గ్రీకు మూలమున మఖైర అను ఒక్క మాటయే కలదు. పాత నిబంధన గ్రీకు అనువాదమున అబ్రాహాము మోరీయా కొండకు తీసికొనిపోయిన కత్తికిని అదియే మాట. కావున అది ఖడ్గమునకును చాకునకును చెల్లునట్టి సామాన్యపదము. దానినిబట్టి ఆయుధపు ఆకారమును నిర్ణయింపరాదు. పత్రికలోని మఖైర గ్లాడియసేయని నిశ్చయించి, దాని పొడవు వెడల్పులనుండి గూఢార్థములు లాగు ప్రసంగములు కొన్ని వింటిని. భక్తి మంచిదే, పునాది మాత్రము ఇసుక. ప్రకటన గ్రంథములో ప్రభువు నోటనుండి వెడలు ఖడ్గమునకు గ్రీకున రొంఫైయ అను వేఱు మాట కలదు. అది థ్రేసు దేశస్థుల పెద్ద ఆయుధపు పేరు. తెలుగున అదియు ఖడ్గమే.

ఇక సాక్షుల విషయము. రోమా ఖడ్గమునుగూర్చి మనకు మూడు విధములైన సాక్షులు కలరు: ఆ కాలపు గ్రంథకర్తలు, రాతిపై చెక్కిన బొమ్మలు, భూమిలో దొరకిన ఇనుము. మంచి పుస్తకము ఈ మూటిని ఒకదానితో నొకటి సరిపోల్చి చూచును; చెడ్డ పుస్తకము ఒక్కదానినే పట్టుకొని పరుగెత్తును. దీనికి జోసెఫసే మంచి దృష్టాంతము. ఆ యూదు చరిత్రకారుడు క్రీ.శ. 67లో రోమా సేనతో పోరాడి లొంగిపోయి, పిమ్మట వారి శిబిరములోనే యుండి సర్వమును కన్నులార చూచినవాడు. అట్టివాడు యూదుల యుద్ధమును గూర్చిన తన గ్రంథపు మూడవ భాగమున, రోమా కాలిబంటునకు ఎడమవైపున పొడుగు కత్తియు, కుడివైపున జానకు మించని బాకును ఉండునని వ్రాసెను. ప్రత్యక్షసాక్షి గదా యని మనము నమ్మి నాటకములో అట్లే కట్టుదుము. కాని రైను నదీతీరమున ఆ శతాబ్దపు సైనికుల సమాధిరాళ్లు పెక్కు దొరకినవి. డల్మేషియా దేశమునుండి వచ్చి సహాయసైన్యమున చేరిన అన్నైయుస్ దవెర్జుస్ అను కాలిబంటు బొమ్మయందు ఖడ్గము కుడివైపునను, బాకు ఎడమవైపునను స్పష్టముగా నున్నవి. తక్కిన రాళ్లలో సామాన్య సైనికుల తీరు ఇదియే. జోసెఫసునకు రెండు వందల యేండ్లకు పూర్వపువాడైన పొలీబియసు సయితము ఖడ్గము కుడితొడమీద నుండునని వ్రాసినాడు. ఇంగ్లండులోని కోల్చెస్టరులో దొరకిన ఫవోనియస్ ఫకిలిస్ అను శతాధిపతి రాతియందు మాత్రము ఖడ్గము ఎడమను, బాకు కుడిని ఉన్నవి. అనగా జోసెఫసు చెప్పిన తీరు శతాధిపతులకు సరిపోవును, బంటులకు సరిపోదు. కన్నులార చూచినవాడు వ్రాసినదానికిని రాతిసాక్ష్యము అవసరమైనది.

రాళ్లన్నియు సమానము కావు సుమా. రోము నగరములో ట్రాజను విజయస్తంభము కలదు. చరిత్ర పుస్తకములలో సైనికుల బొమ్మలు తఱచుగా దానినుండియే తీయబడును. దానిని చెక్కినవారు నగరమందలి శిల్పులు. చూచువారు లెగియోను సైనికుని, సహాయసైనికుని సులభముగా గుర్తించునట్లు ఒక్కొక్క తెగకు ఒక్కొక్క వేషమును ఏర్పఱచుకొనిరి. సరిహద్దులలోని సమాధిరాయి అట్టిది కాదు. చచ్చినవాని తోడి సైనికులు నిత్యము దానిప్రక్క నడచువారే గనుక, చెక్కువాడు తప్పుచేసిన వారు పట్టుకొందురు.

రోమీయులు ఖడ్గముతో పొడుచుటయే గాని నఱకుట యెఱుగరను మాట ఎన్నో పుస్తకములలో కనబడును. ఈ మాటకు మూలము వెగీషియసు. అతడు నాలుగవ శతాబ్దపు చివరనో ఆ తరువాతనో వ్రాసినవాడు. అప్పటికి గ్లాడియస్ వాడుక తప్పి రెండు వందల యేండ్లు గడచినవి. ఖడ్గము నిత్యము వాడుకలోనున్న కాలపు పొలీబియసు, అది పొడుచుటకు మిక్కిలి మేలైనదనియు, రెండంచులును నఱకుటకు గట్టివనియు చెప్పినాడు. క్రీ.పూ. 200లో మాసిదోనియా సైనికులు ఆ ఖడ్గముచే తెగిన చేతులను, తలలను చూచి భయపడిరని లివీ వర్ణించినాడు. కావున ఏదేని పుస్తకము తెఱచి, రోమీయులు పొడుచుటయే యెఱుగుదురను వాక్యము కనబడినచో, ఆ గ్రంథకర్త వెగీషియసును దాటి చదువలేదని గ్రహింపవచ్చును. పుస్తకమును పరీక్షించుటకు ఇది సులువైన ఒరగల్లు.

ఇప్పుడు గ్రంథముల పేరులు చెప్పెదను. ఇవి యన్నియు పరభాషలవే. తెలుగున విజ్ఞానసర్వస్వమును తలపెట్టిన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు 1923లో పరమపదించుటకు పూర్వము మూడు సంపుటములు వెలువరించిరి. అవి అకారమును దాటలేదు. ఖకారముతో మొదలగు ఖడ్గమునకు ఆ మహానుభావుని చేయి అందలేదు.

ఇంగ్లీషున మొదట పట్టవలసినది ఎం. సి. బిషప్, జె. సి. ఎన్. కూల్‌స్టన్ అను నిద్దఱు వ్రాసిన రోమన్ మిలిటరీ ఎక్విప్‌మెంట్. మొదటి ముద్రణము 1993, పెంచిన రెండవ ముద్రణము 2006. రెండవదానినే వెదకవలెను. అందు ఆయుధములు కాలక్రమమున విభజింపబడియున్నవి. ప్రతి రకమునకును దొరకిన చోటు, కొలత, గీతచిత్రము కలవు. మొదటి పుటలలోనే సాక్ష్యములను తూచు విధము చెప్పబడినది. ఒక్క పుస్తకమే కొనగలిగిన పాఠశాల దీనిని కొనవలెనని నా అభిప్రాయము. చిన్న బాలురకు అది బరువగును. వారికి అదే బిషప్ గారు ఆస్ప్రే ప్రచురణాలయమువారికి వ్రాసిన చిన్న పుస్తకములు రెండు తగును: 2016లో వచ్చిన ది గ్లాడియస్, 2020లో వచ్చిన ది స్పాథా. రంగుచిత్రములు చూచి బాలుడు దగ్గఱకు వచ్చును; వెనుకనున్న గ్రంథసూచి చూచి పెద్దపుస్తకమునకు పోవును.

ఖడ్గము కొలతలేగాక దానిని ధరించినవాని మనస్సు, దెబ్బతిన్నవాని గతి తెలియగోరు పై తరగతుల విద్యార్థులకు సైమన్ జేమ్స్ వ్రాసిన రోమ్ అండ్ ది స్వోర్డ్ చదువదగినది. ఇది 2011లో వెలువడెను. రోమా సామ్రాజ్యమును దాని రాజనీతినుండి గాక, సైనికుని చేతిలోని ఇనుమునుండి మొదలుపెట్టి చూచిన పుస్తకమిది. రోమీయులను వీరులుగా మాత్రమే మెచ్చుకొను బాలుడు ఈ పుస్తకము చదివిన పిమ్మట కొంచెము మౌనము వహించును. ఫ్రెంచి పండితుడు మిషెల్ ఫ్యూజేర్ వ్రాసిన దానికి వెపన్స్ ఆఫ్ ది రోమన్స్ అని 2002లో ఇంగ్లీషు అనువాదము కలదు. ఇంకను వెనుకకు పోయినచో పాల్ కూయిసాన్ 1926లో ఫ్రెంచిలో వ్రాసినది కలదు. నాటి పండితుల తలంపులు తెలియుటకే గాని నేటి నిర్ణయములకు అది చాలదు. రస్సెల్ రాబిన్సన్ గారి ది ఆర్మర్ ఆఫ్ ఇంపీరియల్ రోమ్ (1975) మిక్కిలి ప్రసిద్ధము. పేరు చూచి తెప్పించుకొనినవారు ఖడ్గమునకై వెదకి విసుగుదురు. అది శిరస్త్రాణములకును కవచములకును గ్రంథము.

సామ్రాజ్యకాలపు ఖడ్గములకు అన్నిటికంటె వివరమైన గ్రంథము జర్మను భాషలో నున్నది: క్రిస్టియన్ మిక్స్ రచించి 2007లో రెండు సంపుటములుగా ప్రకటించిన స్టూడియెన్ త్సుర్ ర్యోమిషెన్ ష్వెర్ట్‌బెవాఫ్‌నుంగ్ ఇన్ డెర్ కైజర్‌త్సైట్. జర్మను రానివానికిని దాని పటములు, పట్టికలు ఉపయోగించును. అలుగు గీత, కొలత, దొరకిన ఊరు, దాచిన సంగ్రహాలయము అను ఈ నాలుగును ఏ భాషలోనైనను గుర్తుపట్టవచ్చును. ఆయుధములపై నూతనముగా వచ్చు వ్యాసములకు 1990 నుండి వెలువడిన జర్నల్ ఆఫ్ రోమన్ మిలిటరీ ఎక్విప్‌మెంట్ స్టడీస్ అను పత్రిక ప్రత్యేకముగా కలదు.

బాకు సంగతి వేఱు. ఖడ్గమునకున్నన్ని గ్రంథములు పూగియోకు లేవు. ఖడ్గపు పుస్తకములలో చివర రెండు మూడు పుటలు మాత్రమే దానికి కేటాయింతురు. అందువలన 2012లో సాలియోలా, కాస్ప్రీని అను నిద్దఱు ప్రకటించిన పూగియో అను గ్రంథము విలువైనది. దానిని చేసిన విధానముకూడ అందు వివరింపబడినది. పూగియో అలుగు ఆకువలె నుండి, నడుమ సన్నగిల్లి, నిలువున వెన్ను తేలి, మొన తీక్ష్ణమై యుండును. ఇదియు స్పెయినునుండియే వచ్చినది. కొన్ని ఒఱలపై వెండితీగెలు పొదిగి, రంగు ఎనామిలు పోసి చేసిన పని చూచినచో ఇది కేవలము యుద్ధమునకే గాక సైనికుని దర్పమునకు కూడ ధరింపబడెనని తోచును. జర్మనీలోని హాల్టెర్న్ అను చోట 2019లో 19 ఏండ్ల విద్యార్థి యొకడు త్రవ్వకములలో పనిచేయుచు ఒక సమాధిలో బాకును ఒఱతోకూడ కనుగొనెను. తుప్పుముద్దగా దొరకినదానిని తొమ్మిది నెలలు శుభ్రపఱచిన పిమ్మట వెండిపని బయల్పడెను. ఆ ముద్దను చేతబట్టినవారిలో ఎందఱికి లోపలి వెండి తోచియుండును!

అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయమున అరణ్యమునకు పోయిన నరహంతకులను గూర్చి సహస్రాధిపతి పౌలును అడుగును. అచ్చటి గ్రీకుమాట సికా అను బాకు పేరునుండి పుట్టినది. సికా వంపుగలది, వస్త్రములో దాచదగినది. పూగియో తిన్ననిది, మొలకు బాహాటముగా కట్టునది. ఈ రెంటిని ఒక్కటిగా చూపు పుస్తకమును పక్కన పెట్టవచ్చును.

పుస్తకము పేరు తెలిసినంతనే అది చేతికి రాదు. మొదటి చిక్కు బీరువాలలోనే కలదు. దశాంశ పద్ధతిని అనుసరించు గ్రంథాలయములలో రోమా చరిత్ర 937 అను అంకెక్రింద నుండును, సైనికసామగ్రి 355.8 క్రిందను, ఆయుధములు కళావస్తువులుగా 739.7 క్రిందను, యుద్ధయంత్రశాస్త్రముగా 623.4 క్రిందను చేరును. ఒక్క ఖడ్గమునకు నాలుగు బీరువాలు! చరిత్ర బీరువా మాత్రము చూచి లేదని వెనుదిరిగినవాడు పుస్తకమునకు పది అడుగుల దూరముననే యుండి యుండును. సూచికలో పేరు వెదకునపుడు గ్లాడియస్ అని మాత్రమే గాక, ప్రాచీనాయుధములు, రోమా సైన్యము, కత్తులు అను శీర్షికలన్నియు చూడవలెను. తెలిసిన గ్రంథకర్త పేరు అన్నిటికంటె దగ్గఱదారి.

మన వైపునుండి పోదగిన గ్రంథాలయములలో మద్రాసులో 1896లో తెఱువబడిన కన్నెమరా గ్రంథాలయము ముఖ్యము. భారతదేశమున ప్రచురింపబడు ప్రతి గ్రంథమును చేరవలసిన నాలుగింటిలో అదియొకటి. విదేశముల పాత గ్రంథములును అచ్చట కలవు. 1918లో స్థాపింపబడిన వేటపాలెపు సారస్వతనికేతనము తెలుగు పత్రికలకు గని. అయితే ఈ విషయమునకు అది మనకు తోడ్పడదు. దూరప్రయాణమునకు శక్తిలేనివారు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవులో విలియం స్మిత్ గారి గ్రీకు రోమా పురావస్తు నిఘంటువు (మొదటి ముద్రణము 1842), బర్టన్ దొరగారి ది బుక్ ఆఫ్ ది స్వోర్డ్ (1884) వంటి స్వేచ్ఛాగ్రంథములను రూకయైన లేక చదువవచ్చును. ఇవి వెల లేనివగుటచే బాలురు మొదట వీనినే పట్టుదురు, అందే అపాయము. ఇవి వ్రాయబడిన తరువాత దొరకిన ఖడ్గములే మన విజ్ఞానమునకు ఆధారములైనవి. ప్రాచీన గ్రంథకర్తల మాటలు ఏ గ్రంథమున ఎచ్చట నున్నవో తెలియుటకు స్మిత్ మంచివాడు; ఆయుధపు ఆకారమునకు కాడు. బర్టన్ గారి పుస్తకము కాఫీ త్రాగుచు చదువుటకు హాయిగా నుండును, ఉదాహరించుటకు పనికిరాదు.

ఇంకొక మార్గము సంగ్రహాలయముల పట్టికలు. మైంజువద్ద 1848లో దొరకిన ఖడ్గమును, దాని ఒఱను ఇప్పుడు లండనులోని బ్రిటిషు మ్యూజియములో ఉంచినారు. ఒఱమీది రేకుపై ఆసీనుడైన చక్రవర్తి యెదుట సేనాని యొకడు నిలిచియుండగా, డాలుపై తిబెరి పేరు లాటిను అక్షరములలో చెక్కబడియున్నది. మన ప్రభువు సిలువ వేయబడిన కాలపు కైసరు పేరుగల ఒఱ! మ్యూజియమువారి యింటర్నెట్ పట్టికలో దాని ఛాయాచిత్రమును, కొలతలను ఎవరైనను చూడవచ్చును. ఏ పుస్తకములోని బొమ్మనైనను నమ్మకముందు, క్రింద దొరకిన చోటు, దాచిన చోటు వ్రాయబడినవా, కొలతబద్ద గీయబడినదా యని చూడవలెను. ఆయుధపు ప్రక్కన ఏమియు లేక, అందముగా మెఱయుచున్న క్రొత్త కత్తి యున్నచో, అది అమ్మకమునకు చేసిన నమూనాయై యుండును. సినిమాలవలన వచ్చిన తప్పులు వేఱుగా చెప్పనక్కఱలేదు.

మన దేశపు విద్యార్థికి ఇందొక లాభముకూడ కలదు. రోమా గ్లాడియస్ వాడుకలోనున్న శతాబ్దములలోనే కృష్ణాతీరమున అమరావతి స్తూపము శిల్పములతో నిండెను. మన శాతవాహనుల కాలపు కత్తులు, ఈటెలు, డాళ్లు ఎట్లుండెనో సి. శివరామమూర్తి గారు 1942లో ప్రకటించిన అమరావతి శిల్పముల గ్రంథమున గీతచిత్రములతో చూపినారు. మద్రాసు సంగ్రహాలయపు ప్రచురణ మది. తరువాతి కాలపు భారతీయాయుధములకు ఎగర్టన్ ప్రభువు 1880లో కూర్చిన సచిత్రగ్రంథము కలదు. ఒకే కాలపు రెండు దేశముల ఖడ్గములను ప్రక్కప్రక్కన గీచి చూడుడు. దానివలన కలుగు తెలివి ఒక్క దేశపు పుస్తకమునందే యున్నవానికి రాదు.

పాలస్తీనా సంగతి చివరకు చెప్పుచున్నాను. ఇటీవలి వఱకు ఖడ్గములు దొరకినది అధికముగా రైను, డాన్యూబు తీరములందే. అందుచే బైబిలు దేశపు సైనికుని ఆ జర్మనీ బొమ్మనుబట్టియే ఊహింపవలసివచ్చెను. పిలాతు చేతిక్రింద లెగియోనులు లేవు. అవి సిరియాలో నుండెను. అతనికి కలవి ఆ ప్రాంతములందే చేర్చుకొనబడిన సహాయసైన్యములు. 2011లో యెరూషలేములోని పాత నీటికాలువలో, ఆ నగరము క్రీ.శ. 70లో నాశనమైన కాలపు రోమా ఖడ్గము, ఒఱ తోలుముక్కలతోకూడ, రెండడుగుల పొడవున దొరకెను. 2023లో మృతసముద్రతీరమున ఏన్గెదీ దగ్గఱ గుహయొక్క పగులులో నాలుగు ఖడ్గములు బయల్పడెను. ఎడారిగాలి పొడిదగుటచే కఱ్ఱపిడులు, తోలు, కఱ్ఱ ఒఱలు చెడక నిలిచినవి. మూడింటి అలుగులు 60 మొదలు 65 సెంటీమీటర్ల స్పాథాలు. నాలుగవది 45 సెంటీమీటర్లది, పిడితుద ఉంగరమువంటిది. క్రీ.శ. 132లో మొదలైన బర్ కొఖ్బా తిరుగుబాటులో యూదులు వానిని దాచియుందురని త్రవ్వినవారి ఊహ. 2006 ముద్రణములోను, మిక్స్ గారి సంపుటములలోను ఇవి యుండవు. కావున ఈ రెండు గ్రంథములు చదివినవారు ఇస్రాయేలు పురావస్తుశాఖవారి ప్రకటనలను కూడ చదువవలసియున్నది.